రాత్రి ఎవరొచ్చారో పొద్దున నేలనడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆత్మకూరు అవతల నల్లమల అడవి అంచున మూడెకరాలు కొని చిన్న ఇల్లు కట్టుకున్నారు. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి భార్య, ఏడేళ్ల పాపతో వస్తున్నారు. పోయిన వారం రాత్రి వంటింటి వెనక ఎవరో గట్టిగా ముక్కు చీదినట్టు, మధ్యమధ్య ఏదో పీలుస్తున్నట్టు చప్పుడైంది. పొద్దున చూస్తే చెత్తగుంట పక్కన అడుగులు. ఇది ఏ జంతువు, ఏ కెమెరా కొనాలి, నీళ్లూ తొక్కలూ పెడితే రోజూ వస్తుందా, పాపకి ప్రమాదమా అని అడిగారు.

నేను అడవిశాఖ మనిషిని కాదు, సైంటిస్టునీ కాదు. బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఆయనా నేనూ గిద్దలూరు వైపు, నల్లమల కింద ఒక బత్తాయి తోటలో ఉంటున్నాం. పదిహేడేళ్లయింది. మొదటి రెండేళ్లు మేమూ మీలాగే ఉన్నాం, ఇంకాస్త తెలివితక్కువగా. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

ముందు మీరు పెట్టిన అడుగుల ఫోటో. పక్కన కొలత కోసం ఏమీ పెట్టలేదు గానీ, అదృష్టం కొద్దీ ఒక వేపాకు పడి ఉంది, దాన్ని బట్టి అంచనా వేశాను. అడ్డంగా దిండులా వెడల్పాటి గుర్తు, దాని ముందు ఐదు వేళ్లు దాదాపు ఒకే గీతలో, వాటికి బాగా ముందుకి గోళ్లు గుచ్చుకున్న చుక్కలు. ఇది ముందు కాలు. దాని వెనక ఉన్నదాన్ని చూసి మీ పాప "ఎవరో చెప్పుల్లేకుండా నడిచారు" అందని రాశారు చూడండి, అది వెనక కాలు. ఎలుగుబంటి వెనక పాదం మనిషి పాదంలాగే పడుతుంది. పాప మంచి కళ్లున్న పిల్ల. మీరు విన్న చీదుడు కూడా దానిదే. ఎలుగుకి పై దవడలో మధ్యనుండే రెండు ముందుపళ్లు ఉండవు. పుట్ట తవ్వి, మట్టి ఊదేసి, ఆ పళ్ల సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. గాలి లేని రాత్రి ఆ పీల్పు వంద గజాల అవతలికి వినిపిస్తుంది. మీ గుంట పక్కన పుట్ట తవ్వి ఉందేమో ఈసారి చూడండి. ఉంటుంది.

పులి కాదని తెలిసి ఊపిరి పీల్చుకుంటారేమో. నన్నడిగితే చిరుత కంటే ఎలుగు దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. దాని చూపు మందం, వాసన మాత్రం మహా గట్టిది. తలకాయ పుట్టలో పెట్టుకుని తన గోలలో తనుంటుంది. మనం తెలియకుండా దగ్గరికి పోతే బెదిరి మీద పడుతుంది. మా తోటకి పనికొచ్చే చెంచు పెద్దాయన ఒకమాటు అన్నాడు: "పులి మనల్ని చూసి తప్పుకుంటది టీచరమ్మా, ఎలుగు మనల్ని చూడకనే కొడతది." ఆయన ఎడమ భుజం మీద దానికి సాక్ష్యం ఉంది.

ఇక తొక్కల సంగతి. పెట్టొద్దు. ఆ గుంటను ఈ శనివారమే పూడ్చేయండి. మీ ప్రశ్నలన్నిటికీ నా జవాబు ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

మేం చేసిన పని చెప్తాను. 2009 వానాకాలం. వంటింటి వెనక పనస తొక్కలు, మిగిలిన అన్నం, తోటలో రాలి కుళ్లిన బత్తాయిలు అన్నీ ఒకచోట పోసేవాళ్లం. వారం తిరక్కుండా అడవిపందులు పట్టాయి. మొదట ఒక తల్లి, ఒంటి మీద చారలున్న ఆరు పిల్లలు. దీపాలార్పి కిటికీలోంచి చూసి మురిసిపోయాం. బడిలో పిల్లలకి గొప్పగా చెప్పాను కూడా. నెల తిరిగేసరికి పద్నాలుగయ్యాయి. మా గుంట ఖాళీ చేశాక అవి బుద్ధిగా అడవికి పోతాయా? పక్క చేలో వేరుశనగ మొత్తం తవ్వేశాయి. ఆ రైతు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒక రాత్రి చేను చుట్టూ ఇనుప తీగ లాగి కరెంటు ఇచ్చాడు. తెల్లారి చూస్తే తల్లి పంది, ఒక నక్క, ఒక కుందేలు. రోజూ నాలుగున్నరకి ఆ గట్టు మీంచే పాలకి నడిచే మనిషికి ఆ రోజు జ్వరం వచ్చి రాలేదు, లేకపోతే నాలుగో శవం ఆయనదే. కరెంటు తీగ పెట్టడం నేరం, అందులో మాటలేదు. ఇలాంటి తీగలకి మన రెండు రాష్ట్రాల్లో మనుషులు కూడా పోతూనే ఉన్నారు. కానీ ఆ పందుల్ని అంతదూరం పిలిచింది ఎవరు? ఇప్పటికీ ఆ రైతు ఇంటి ముందు నుంచి పోవాలంటే నాకు మొహం చెల్లదు.

రుచి మరిగిన జంతువు మన టైం టేబుల్ ప్రకారం నడవదు. శ్రీకాకుళం ఉద్దానంలో జీడిపండుకీ పనసకీ ఎలుగులు ఊళ్లలోకి రావడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. గుళ్ల దగ్గర కొబ్బరి చిప్పలకి అలవాటు పడ్డవీ ఉన్నాయి. అలా అలవాటు పడ్డదానికి చివరికి బోనో, రాళ్లో, తీగో తప్పవు. మీరు నెలకి ఎనిమిది రోజులుంటారు. మిగతా ఇరవైరెండు రోజులు ఆ ఎలుగు ఎవరి వంటింటికి పోవాలి?

తిండి పెట్టకుండా ఎలా వస్తాయంటారేమో. చెట్లు పెట్టండి. ఇంటికి దూరంగా, అడవి వైపు హద్దులో మేడి, నేరేడు, రేగు, ఈత. మా మేడిచెట్టు ఒక్కదాని మీద నేను కొండముచ్చులు, మానుపిల్లి, గబ్బిలాలు, లెక్కలేనన్ని పిట్టలు చూశాను, కింద రాలిన పండ్లకి దుప్పులు. ఇదీ తిండి పెట్టడమే కదా అని మా ఆయన వాదిస్తారు. నా లెక్కలో తేడా ఉంది. చెట్టు తన కాలంలో కాస్తుంది, మానేస్తుంది. అక్కడ మనిషి వాసన ఉండదు. తిన్నది తిన్న దారినే పోతుంది.

ఇప్పుడు అసలు చూడటం గురించి. కెమెరా కొనే ముందు ఒక పార, ఒక జల్లెడ, ఒక చీపురు తీసుకోండి. అడవి నుంచి మీ ఇంటి వైపు వచ్చే బాటలు మూడో నాలుగో ఉంటాయి, గడ్డి పక్కకి వాలి సన్నగా కనిపిస్తాయి. వాటికి అడ్డంగా గజం వెడల్పు, మూడు నాలుగు గజాల పొడవున నేల గీకి, జల్లించిన మట్టి పోసి, సాయంత్రం చీపురుతో సాపు చేయండి. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళకి పోయి చూడండి. ఎండ నడినెత్తికొస్తే గుర్తుల నీడలు పోతాయి, ఏమీ కనిపించదు.

ఇది నా తెలివి కాదు. కలివికోడి పేరు వినే ఉంటారు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట, 1986లో మన కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అది రాత్రిపూట తిరిగేది, చిట్టడవి పొదల మధ్య. దాన్ని వెతకడానికి పరిశోధకులు లంకమల వైపు ఇలా మెత్తటి మట్టి పట్టీలు వేసి, అడుగులు చూసి, ఆటోమేటిక్ కెమెరాలు కూడా పెట్టారు. అంతటి పిట్టకి పనికొచ్చిన పద్ధతి మన పెరట్లోకి పనికిరాదా? ఖర్చు కూడా ఒక చీపురే.

మట్టి పట్టీ మీద మొదట నేర్చుకోవాల్సింది కుక్క అడుగుకీ పిల్లి అడుగుకీ తేడా. కుక్క, నక్క, తోడేలు నడిస్తే గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి పడవు. అరికాలి మెత్త వెనక అంచున మూడు బొడిపెలు కనిపిస్తాయి. చిరుతది ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, నా అరచెయ్యి మధ్యలో ఇమిడిపోతుంది. పెద్దపులిది అరచెయ్యి దాటుతుంది. మీ వైపున్నది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం కనుక పులి మాట అందరూ అడుగుతారు. ఇన్నేళ్లలో మా తోటలో దాని అడుగు రెండుసార్లు చూశాను. పులిని చూడలేదు. అది నన్ను చూసే ఉంటుంది.

దుప్పి గిట్టలు రెండు సన్నటి చీలికలు, ముందు మొన తేలి ఉంటాయి. పందివి మొద్దుగా ఉంటాయి, వెనక రెండు పక్కగిట్టల చుక్కలు కూడా పడతాయి. ఏదుపంది నడిస్తే చిన్నపిల్ల అరచేతి ముద్రల్లాంటివి, వాటి పక్కన ముళ్లు ఈడ్చిన గీతలు. ఆ గీతలు మొదటిసారి చూసినప్పుడు ఎవరో చీపురు లాక్కుపోయారనుకున్నాను. పెంటికలు కూడా చూడండి, సిగ్గుపడకండి, పుల్లతో విప్పి చూడండి, చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. గోడ మీద ఈత గింజలు కుప్పగా ఉంటే మానుపిల్లి. రేగు గింజలూ చీమల పెంకులూ కలిసిన పెద్ద ముద్ద ఎలుగుది. వెంట్రుకలు మెలిపడి ఉంటే చిరుత. సున్నం ముద్దలా తెల్లబడి ఉంటే హైనా, దాన్ని మా వైపు దుమ్ములగొండి అంటారు. ఎముకల్ని నమిలి మింగుతుంది కాబట్టి ఆ తెలుపు.

చెవులకి కూడా పని చెప్పండి. సాయంత్రం ఫోన్ పక్కన పడేసి అరగంట కూర్చుంటే చాలు. దుప్పి బెదిరితే ఒక్కసారి ఈలలా కూస్తుంది, కొండముచ్చు చెట్టు మీంచి ఖక్ ఖక్‌మని దగ్గుతుంది, కణితి (సాంబర్) అరిస్తే ఢాంక్‌మని అడవంతా మోగుతుంది. ఈ మూడూ ఒకే వైపు నుంచి మొదలైతే అటు చిరుతో పులో నడుస్తోందని. చిరుత గొంతు మాత్రం గర్జన కాదు, ఎవరో ముతక రంపంతో దుంగ కోస్తున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు దొంగలు మా టేకు కోస్తున్నారని మా ఆయన టార్చ్ పట్టుకుని బయల్దేరారు. ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు కాబట్టి సరిపోయింది. రాత్రి తీతువు పిట్ట అరిస్తే ఎవరో పోతారని భయపెట్టేవాళ్లుంటారు, పట్టించుకోకండి. నేల మీద గుడ్లున్న పిట్ట, దాని దగ్గరగా ఏదో నడిచింది, అంతే. ఏం నడిచిందన్నదే మనకి కావాల్సింది.

కూర్చోవడానికి మీకు డాబా ఉంది, అది చాలు. మేం చేలో కాపలాకి వేసినట్టే ఒక మంచె వేయించుకున్నాం, నేలకి పది అడుగుల ఎత్తున. ఎక్కడైనా సరే, గాలి మీ వైపు నుంచి అడవి వైపు వీస్తుంటే ఆ రోజు దిగి వచ్చి అన్నం తినేయండి, ఏమీ రాదు. అగరొత్తులు, సెంటు, దోమల క్రీము వద్దు. నిండా కప్పుకునే పాత దుప్పటి ఒకటి ఉంచుకోండి. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు, మిగతా వేళల్లో కాళ్లు పట్టేయడం తప్ప లాభం లేదు. ఇంటి వెనక ఫ్లడ్ లైటు పెట్టాలనుకుంటున్నారని రాశారు, ఆ డబ్బుతో 8×42 బైనాక్యులర్స్ కొనండి. టార్చ్ అద్దానికి ఎర్ర జెలటిన్ కాగితం కట్టండి, చాలా జంతువులకి ఎర్ర వెలుగు సరిగ్గా ఆనదు. వాటి కళ్లు మాత్రం మనకి మెరుస్తాయి. గడ్డిలో వేల కొద్దీ చిన్న చిన్న నీలిపచ్చ మెరుపులు కనిపిస్తే కంగారు పడకండి, అవి సాలీళ్లు. చింతకొమ్మ మీద రెండు నారింజ రంగు నిప్పుకణాలు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా జరిగితే మాత్రం పాపని లేపండి, అది దేవాంగపిల్లి కావచ్చు.

కెమెరా. ట్రైల్ కెమెరా అంటారు, వేడిగా ఉండి కదిలేది ఏదైనా ముందుకొస్తే దానంతట అదే తీస్తుంది. బ్రాండు నేను చెప్పను, మేం మూడు మార్చాం, మూడిట్లోనూ చీమలు గూడు పెట్టాయి. రాత్రి వాడే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు 940 నానోమీటర్ల రకం, అంటే నో గ్లో అని అమ్మేది తీసుకోండి. 850 రకంలో దూరం బాగా కనిపిస్తుంది గానీ తీసేటప్పుడు ఎర్రగా మెరుస్తుంది. జంతువు సంగతి అటుంచి, దొంగకి కూడా కనిపిస్తుంది. మోకాలి ఎత్తున, చెట్టుకి గట్టిగా కట్టండి. ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి, తూర్పు పడమరలకి పెడితే సూర్యుణ్ణే తీస్తుంది. బాటకి సూటిగా అడ్డం కాకుండా కాస్త ఏటవాలుగా పెడితే జంతువు ఎక్కువసేపు ఫ్రేములో ఉంటుంది. ముందున్న గడ్డి కోయడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయిన వారం 1,800 ఫోటోలొచ్చాయి, అన్నీ ఎండకి వేడెక్కి ఊగుతున్న గడ్డివే. ఇంకో సంగతి ఏ కంపెనీ డబ్బా మీదా రాయరు: మన మే నెలలో గాలి వేడి, జంతువు ఒంటి వేడి దాదాపు ఒకటే అవుతాయి, మధ్యాహ్నం పూట సెన్సరుకి తేడా తెలియదు. ఎదురుగా దుప్పి నిలబడ్డా తీయదు. అది కెమెరా తప్పు కాదు, వాపసు పంపకండి.

పులుల లెక్కకి బాటకి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు పెడతారు, ఒకే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు వేరు కాబట్టి. మీకు ఒకటి చాలు. అదీ మీ పట్టా భూమిలోనే. కంచె దాటి రిజర్వు అడవిలో కట్టారంటే కేసవుతుంది, అక్కడికి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం.

కెమెరా పెట్టాక నాకు ఎదురైన అసలు సమస్య జంతువులతో కాదు. రెండో వారం కార్డు తీసి చూస్తే తెల్లవారుజామున మా కంచె పక్క నుంచి కట్టెలకి, చెంబు పట్టుకుని పొదల చాటుకి పోయే ఆడవాళ్లు. వాళ్లకి కెమెరా ఉందని కూడా తెలియదు. ఆ రోజే అన్నీ చెరిపేసి, దాన్ని వేరే చోటికి మార్చి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఫలానా చోట పెట్టాం అని చెప్పొచ్చాను. మీరు ముందే చెప్పండి. బయటి నుంచి వచ్చి భూములు కొన్న వాళ్లంటే ఊరికి ఇప్పటికే ఒక అనుమానం ఉంటుంది.

అలాగే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేటప్పుడు ఊరి పేరు, లొకేషన్ తీసేయండి. అలుగు (పాంగోలిన్) బొమ్మ పెట్టి "మా తోటలో" అని రాస్తే, లైకులు కొట్టిన వాళ్లలో ఒకడు ఉచ్చు సర్దుకుంటూ ఉంటాడు. దాని పొలుసుల కోసం ఎంత వేట ఉందో మీకు చెప్పక్కర్లేదు. నక్షత్ర తాబేలు కనిపిస్తే పాప ఇంట్లో పెంచుకుందామని ఏడుస్తుంది, మా మనవరాలు ఏడ్చింది. కుదరదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం, జైలు వ్యవహారం. గడ్డిలో దుప్పి పిల్ల ఒంటరిగా ముడుచుకుని ఉన్నా ఎత్తుకు రాకండి. తల్లి వదిలేసి పోలేదు, దాచిపెట్టి మేతకి పోయింది. మీరు అక్కడ నిలబడి ఉన్నంతసేపూ అది రాదు.

నీళ్ల విషయంలో నేను కొంచెం మెత్తబడతాను. ఎండాకాలంలో అడవిశాఖ వాళ్లే లోపల సాసర్ పిట్లు, అంటే లోతు తక్కువ వెడల్పాటి నీటి తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతారు. మీరు పెట్టాలనుకుంటే ఇంటికి కనీసం యాభై అరవై గజాల దూరంలో, జానెడు లోతు కూడా లేని వెడల్పాటి తొట్టి పెట్టండి. అంచు ఏటవాలుగా ఉండాలి, లోపల రెండు రాళ్లు వేయండి, పడ్డ ఉడతో తొండో ఎక్కి వస్తుంది. రెండు రోజులకోసారి పీచుతో తోమాలి. మీరు వారానికి రెండు రోజులే ఉంటారు కదా, తోమే మనిషి లేకపోతే అసలు పెట్టకండి. పాచి నీళ్లు రోగాల పుట్ట.

దానికంటే ముందు మీ పాత బావి చూడండి. ఫోటోలో మూల కనిపించింది, గోడ లేదు. పొలాల్లో గట్టు లేని బావుల్లో పడి చచ్చే ఎలుగులు, నక్కలు, చిరుతలు ఎన్నో. మూడడుగుల గోడ కట్టించండి, అప్పటిదాకా ఒక పొడుగాటి దుంగ లోపలికి వాల్చి ఉంచండి. ఏదైనా పడితే అడవిశాఖ సెక్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఊరి జనాన్ని దూరంగా ఉంచడమే మీ పని. ఆ నంబరు, బీట్ ఆఫీసర్ నంబరు ఈ వారమే తీసుకుని గోడ మీద రాసుకోండి.

పాప గురించి అడిగారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లని చంపింది, దాని తర్వాతే భక్తులకి చేతికర్రలు ఇవ్వడం మొదలుపెట్టారు. పదేపదే భయపెట్టడానికి చెప్పట్లేదు. చీకటి పడ్డాక పిల్ల పెద్దల చెయ్యి వదిలి ముందో వెనకో నడవకూడదు, పెరట్లో ఒంటరిగా కూర్చుని ఆడకూడదు. ఒంగుని కూర్చున్న పిల్ల దానికి మేక సైజు. బాత్రూము ఇంట్లోనే ఉండాలి. కుక్కని పెంచాలనుకుంటే రాత్రి ఇంట్లో పడుకోబెట్టండి. మేం మా రాజుగాణ్ణి కాపలా అని గొలుసుతో వసారాలో కట్టేశాం, 2012 సంక్రాంతి ముందు. గొలుసు మిగిలింది. కట్టేసిన కుక్క చిరుతకి కాపలా కాదు, పిలుపు. కోళ్లగూటికి పైన కూడా వల కొట్టించండి.

ఎలుగు సంగతికొస్తే, పొద్దున్నే, సాయంత్రం తోటలో నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవండి, కర్రతో నేల కొడుతూ. మా ఆయన పాత ఘంటసాల పాటలు పాడతారు, ఇప్పటిదాకా ఏ ఎలుగూ దగ్గరికి రాలేదు, నాకు ఆశ్చర్యం లేదు. ఎదురైతే పరిగెత్తకండి, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి. వీపు మీద పిల్లలున్న తల్లి అయితే ఫోన్ జేబులోంచి తీయాలన్న ఆలోచన కూడా వద్దు.

నిజానికి నాకు వీటన్నిటికంటే పాముల టెన్షన్ ఎక్కువ. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ మన వైపున్నవే. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్న వాళ్లని కరుస్తుంది, చాలాసార్లు నొప్పే తెలియదు. మంచం మీద, దోమతెర పరుపు కిందికి దోపుకుని పడుకోండి. టార్చ్, బూట్లు లేకుండా రాత్రి గడప దాటొద్దు. మీకు దగ్గర్లో పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కోండి. కరిస్తే కోయడం, తాడు బిగించి కట్టడం, నాటుమందు ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108.

ఇంత చదివాక మీ ఆవిడ ఇల్లు అమ్మేద్దాం అంటే నాది బాధ్యత. ఆవిడకి ఈ ఒక్క సాయంత్రం గురించి చెప్పండి. జూన్‌లో తొలి వాన పడిన మర్నాడు, గాలి ఆగిపోయి ఉక్కపోస్తుండగా, పుట్టల్లోంచి ఉసుళ్లు లేచాయి. మేం దీపాలార్పేసి మంచె మీదున్నాం. ముందు కప్పలొచ్చాయి, వాటి వెనక ముంగిస, అది పోయాక పైడికంటి (చిన్న గుడ్లగూబ) జంట కొమ్మ మీంచి నేలకి, నేల మీంచి కొమ్మకి. నక్క ఒకటి కుక్కపిల్లలా గెంతుతూ గాల్లోనే పట్టుకుని తింది. బాగా చీకటిపడ్డాక, మాకు నలభై గజాల్లో, మీరు విన్న ఆ చీదుడు మొదలైంది. తల్లి పుట్ట మీదుంది, రెండు పిల్లలు దాని వీపు మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. గంటసేపు తిన్నాయి. మా వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. పోయేటప్పుడు మా మట్టి పట్టీ మీంచే నడిచి పోయాయి. పొద్దున పోయి చూస్తే చిన్న పాదాల గుర్తులు ఎక్కడా లేవు, తల్లివే. పిల్లలు దిగకుండానే పోయాయన్నమాట.

మీ గుంట పూడ్చాక ఎలుగు రెండు మూడు రాత్రులు వచ్చి వాసన చూసి పోతుంది, కంగారు పడకండి. పట్టీ వేశాక ఫోటోలు పెట్టండి, చూసి చెప్తాను. ఈసారి మాత్రం పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి తీయండి, ప్రతిసారీ వేపాకు పడి ఉండదు.